అడిగేది అభిప్రాయమా, సమ్మతా?

2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ విభజనకు ఆమోదం తెలిపాయి. జూన్ 2న తెలంగాణ అవతరించింది. శాసనసభ కాదన్నదాన్ని పార్లమెంటు అవునంది. అయినా ఇందులో రాజ్యాంగ ఉల్లంఘన ఏదీ లేదు. కొత్త రాష్ట్రాల ఏర్పాటుకు సంబంధించిన మూడో అధికరణ శాసనసభ నుంచి కోరేది అభిప్రాయం మాత్రమే. ఆ అభిప్రాయం ఎలా ఉన్నా, అసలు చెప్పకపోయినా, గడువు తీరిన తర్వాత పార్లమెంటు ముందుకు సాగవచ్చు. మామూలు మెజారిటీ చాలు. దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించనక్కర్లేదని నాలుగో అధికరణ చెబుతుంది.

అభిప్రాయం అడగడం వేరు, సమ్మతి తీసుకోవడం వేరు. పెళ్లికూతురిని నీ అభిప్రాయమేమిటని అడిగి, ఆమె వద్దన్నా ముహూర్తం పెట్టించేస్తే దాన్ని సమ్మతి అనరు. సమాఖ్య అంటే లిఖిత రాజ్యాంగం, అధికారాల విభజన, రెండు చట్టసభలు, స్వతంత్ర న్యాయస్థానం అని పౌరశాస్త్ర పుస్తకాలు నేర్పిస్తాయి. అవన్నీ అవసరమే. కానీ ఆ జాబితా చదివితే ఒక రాజ్యాంగం ఎంతవరకు సమాఖ్యో తెలియదు. అది తెలియాలంటే అడగవలసిన ప్రశ్న ఒకటే: ఏయే విషయాల్లో ఒక ప్రభుత్వం, రెండో ప్రభుత్వపు సమ్మతి లేకుండా, ఒంటరిగా మార్పు తేగలదు?

జిల్లాలను చూస్తే ఈ ప్రశ్న బరువు అర్థమవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2016 దసరా నాడు 10 జిల్లాలను 31 చేసింది, తర్వాత అవి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్రజల నుంచి అభ్యంతరాలు స్వీకరించారు, కొన్ని మార్పులు చేశారు. కానీ ఏ జిల్లా పరిషత్తు సమ్మతీ అవసరం కాలేదు. జిల్లా అన్నది రాష్ట్రం తన పాలనా సౌలభ్యం కోసం గీసుకున్న గీత. కలెక్టరు అధికారం రాష్ట్రం ఇచ్చింది, రాష్ట్రం తీసుకోగలదు. సమాఖ్యలో రాష్ట్రం అలాంటిది కాదు. ముఖ్యమంత్రి ప్రధానమంత్రికి కింది ఉద్యోగి కాదు. ఇద్దరి అధికారానికీ మూలం ఒకే రాజ్యాంగం. కేంద్రం దయతలచి రాష్ట్రానికి పోలీసు శాఖను అప్పగించలేదు. రాజ్యాంగమే నేరుగా ఇచ్చింది. ఒకే పౌరుడిని రెండు ప్రభుత్వాలు ఒకేసారి, ఎవరి పరిధిలో వారు, ఒకదాని అనుమతితో మరొకదానికి నిమిత్తం లేకుండా పాలించడం సమాఖ్య సారం. మరి రాష్ట్రాన్ని కూడా జిల్లాలాగే ఒంటరిగా విభజించగలిగితే? సమాఖ్య సూత్రంలో ఇంత పెద్ద మినహాయింపు మన రాజ్యాంగంలోకి ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని రాజ్యాంగ సభ ముందుంచుతూ అంబేద్కర్ ఈ విషయాన్ని సూటిగానే చెప్పారు. భారత సమాఖ్య రాష్ట్రాల మధ్య ఒప్పందం వల్ల పుట్టలేదు, కాబట్టి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు. అందుకే ‘యూనియన్’ అన్న మాట వాడామని ఆయన వివరణ. నిజానికి రాజ్యాంగంలో ఎక్కడా భారతదేశాన్ని సమాఖ్య అని పిలవలేదు. మొదటి అధికరణ దాన్ని రాష్ట్రాల యూనియన్ అంటుంది. దేశ విభజన రక్తపాతం ఇంకా ఆరలేదు. 500కు పైగా సంస్థానాల విలీనం అప్పుడప్పుడే ఓ కొలిక్కి వస్తోంది. ఆనాటి రాష్ట్రాల సరిహద్దులు ప్రజలు కోరుకున్నవి కావు, బ్రిటిష్ వారు యుద్ధాలు చేస్తూ, సంధులు కుదుర్చుకుంటూ గీసినవి. మద్రాసు రాష్ట్రంలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాలన్నీ ఉండేవి. అలాంటి సరిహద్దులకు శాశ్వత రక్షణ కల్పించి ఉంటే తెలుగువారికి రాష్ట్రమే దక్కేది కాదేమో. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దాన్ని సాధ్యం చేసింది ఈ మూడో అధికరణే.

తెలంగాణకూ అదే వర్తిస్తుంది. ఉమ్మడి రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి అయి ఉంటే, 294 మంది సభ్యుల్లో 119 మందే ఉన్న ప్రాంతం ఎన్నటికీ విడివడేది కాదు. ఒక రాష్ట్రంలో అల్పసంఖ్యలో ఉన్న ప్రాంతానికి, పెద్ద ప్రాంతపు సమ్మతి అన్నది తాళం వేసిన తలుపు. అందువల్ల సమ్మతి కావాలి అన్నంత మాత్రాన సమస్య తీరదు. ఎవరి సమ్మతి అన్నది కూడా తేల్చాలి.

అమెరికా ఆ తలుపుకు గట్టి తాళమే వేసింది. ఒక రాష్ట్ర భూభాగం నుంచి కొత్త రాష్ట్రం ఏర్పడాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలని అక్కడి రాజ్యాంగం నాలుగో అధికరణలో రాసుకుంది. స్విట్జర్లాండ్ ఇంకా ఓపికగల దారి పట్టింది. బెర్న్ రాష్ట్రంలో జర్మన్ మాట్లాడే వారు ఎక్కువ. వారి మధ్య ఫ్రెంచి మాట్లాడే జురా ప్రాంతం తనకు విడి రాష్ట్రం కావాలని అడిగింది. 1974లో ముందుగా జురా ప్రజలనే ఓటడిగారు. ఆ తర్వాతి ఏడాది, విడిపోవడానికి ఇష్టపడని దక్షిణ జిల్లాలకు బెర్న్‌లోనే ఉండే అవకాశం ఇచ్చారు. సరిహద్దు ఊళ్లు ఎటు ఉండాలో అవే ఓటు వేసి తేల్చుకున్నాయి. 1978లో దేశమంతా ఓటు వేసి ఒప్పుకుంది. 1979 జనవరి 1న జురా రాష్ట్రమైంది. ఒక ప్రాంతం చీలిపోతున్నప్పుడు ఆ ప్రాంతాన్ని, మిగిలే ప్రాంతాన్ని, దేశాన్ని విడివిడిగా అడగడం సాధ్యమేనని ఆ చిన్న దేశం చూపింది.

మన దగ్గర కూడా అలాంటి ఆలోచన ఒకసారి వచ్చింది. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్‌లతో కూడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో తెలంగాణ ప్రాంతాన్ని హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరుకుంటే ఆంధ్రలో కలపాలని సూచించింది. అంటే ఆ సంఘం అడగమన్నది సమ్మతినే. ఆ సూచనను పక్కనపెట్టి, 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఒప్పందంలోని చాలా హామీలకు రాజ్యాంగ రక్షణ లేదు. అమలు కాలేదన్న వేదన 1969లో ఉద్యమమైంది, ఆ వెంటనే 1972లో అటువైపు జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది, చివరికి 1973లో 32వ సవరణతో 371డి అధికరణ పుట్టింది. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు న్యాయం దక్కేలా రాష్ట్రపతి ఉత్తర్వులు ఇచ్చే వీలు దానితో కలిగింది. 1956లో పెద్దమనుషులు కాగితం మీద పెట్టుకున్న మాటల్లో కొన్నింటికి పదిహేడేళ్ల తర్వాత, ఎందరో యువకుల ప్రాణాలు పోయాక గానీ రాజ్యాంగంలో చోటు దొరకలేదు. ఉమ్మడి రాష్ట్రం సరిగ్గా ఆ ఒప్పందం తేదీనే, 2014 ఫిబ్రవరి 20న, రాజ్యసభలో ముగిసింది.

సరిహద్దుల తర్వాత అధికారాల విషయం. ఏడో షెడ్యూలులో మూడు జాబితాలున్నాయి. ఈ పద్ధతి 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం నుంచి వచ్చింది. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రైల్వేలు, కరెన్సీ వంటివి కేంద్రానికి. శాంతిభద్రతలు, పోలీసు, ప్రజారోగ్యం, భూమి, వ్యవసాయం రాష్ట్రాలకు. మిగిలిన కొన్ని ఉమ్మడిగా. ఏ జాబితాలోనూ లేని అంశం కేంద్రానికి చెందుతుంది. అమెరికాలో అలాంటివి రాష్ట్రాలకు చెందుతాయి. ఈ షెడ్యూలును మార్చాలంటే పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీతో పాటు సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఆమోదించాలి. రాజ్యాంగం నిజంగా సమ్మతి అడిగిన చోటు ఇది. అయితే 1976లో, అత్యవసర పరిస్థితి నీడలో, 42వ సవరణ విద్యను, అడవులను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి మార్చినప్పుడు సగానికి పైగా రాష్ట్రాలు దానికి తల ఊపాయి. కేంద్రంలో, రాష్ట్రాల్లో ఒకే పార్టీ బలంగా ఉండి, ఎదురు చెప్పే గొంతులు జైళ్లలో ఉన్నప్పుడు సమ్మతి సంతకంగా మిగిలిపోతుంది.

జాబితాల్లోని పదాల మధ్య సందులూ ఉన్నాయి. వ్యవసాయం రాష్ట్రాల అంశం. ఆహార పదార్థాల వ్యాపారం ఉమ్మడి అంశం. 2020లో మూడు సాగు చట్టాలు తెచ్చినప్పుడు కేంద్రం ఈ రెండో దారినే వచ్చింది. రైతు పొలంలో ఉన్నంతసేపు ధాన్యం రాష్ట్రానిది, బండి ఎక్కగానే కేంద్రానిది అన్నట్లు తయారైంది వాదన. రాష్ట్రాలతో ముందే కూర్చుని మాట్లాడి ఉంటే ఆ చట్టాలు ఏ రూపం దాల్చేవో చెప్పలేం. ఏడాదికి పైగా రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో బైఠాయించాక 2021లో వాటిని రద్దు చేయాల్సి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద విషయం డబ్బు. బడి, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, సాగునీరు, రేషన్ దుకాణం వంటి వాటిలో సామాన్యుడికి రోజూ కనబడేది రాష్ట్ర ప్రభుత్వమే. కానీ పెరిగే ఆదాయాన్నిచ్చే ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను, కస్టమ్స్ సుంకం కేంద్రం చేతిలో ఉన్నాయి. ఈ ఎత్తుపల్లాన్ని చదును చేయడానికి 280వ అధికరణ ఆర్థిక సంఘాన్ని ఏర్పాటు చేసింది. పంపిణీ చేయదగ్గ కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 42 శాతమని 14వ సంఘం, జమ్మూ కశ్మీర్ కేంద్రపాలితమయ్యాక 41 శాతమని 15వ సంఘం చెప్పాయి. ఆ మొత్తంలో ఏ రాష్ట్రానికి ఎంత అన్నది మరో లెక్క. 14వ సంఘం నుంచి 15వ సంఘానికి వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 శాతం నుంచి 4.047కు, తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102కు తగ్గింది. తలసరి ఆదాయం తక్కువ ఉన్న రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వాలన్న సూత్రానికి 15వ సంఘం 45 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. ఆ సూత్రం తప్పు కాదు. బిహార్ పిల్లవాడికి బడి కావాలి, ఆ ఖర్చులో హైదరాబాద్ సంపాదనకు భాగం ఉండాలి. ఒకే దేశంగా ఉండటమంటే అది కూడా.

మనసు కష్టపెట్టే విషయం వేరే ఉంది. ఏదో ఒక అవసరం పేరు చెప్పి కేంద్రం విధించే సెస్సులు, పన్ను మీద అదనంగా వేసే సర్‌చార్జీలు ఈ పంపిణీ మొత్తంలోకి రావు. పన్ను రేటు పెంచితే రాష్ట్రాలకు వాటా ఇవ్వాలి, అదే సొమ్మును సెస్సు పేరుతో వసూలు చేస్తే ఇవ్వనక్కర్లేదు. కాబట్టి 41 శాతం అన్నది స్థూల ఆదాయంలో 41 శాతం కాదు. పొలంలో పండింది సగం సగం అని ఒప్పుకుని, గట్టు మీద పండింది లెక్కలోకి రాదంటూ ఏటా గట్టు వెడల్పు చేసుకుంటూ పోతే కౌలుదారుకు ఎలా ఉంటుందో రాష్ట్రాలకు అలా ఉంటుంది. ఏ అధికరణనూ సవరించకుండా, ఏ రాష్ట్రాన్నీ అడగకుండా, కేంద్రం ఒంటరిగా తేగల మార్పు ఇది. సమాఖ్యకు మూడో అధికరణ కంటే ఈ గట్టే ఎక్కువ హాని చేస్తోందనిపిస్తుంది, ఎందుకంటే రాష్ట్ర విభజన ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, ఇది ప్రతి బడ్జెట్‌లోనూ జరగగలదు.

జీఎస్టీ దీనికి భిన్నమైన కథ. 2016లో 101వ సవరణతో కేంద్రం, రాష్ట్రాలు రెండూ పన్ను వేసే అధికారంలో కొంత ఒక ఉమ్మడి మండలికి అప్పగించాయి. మండలిలో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండొంతులు. నిర్ణయానికి నాలుగింట మూడొంతులు కావాలి. ఈ లెక్కను కాస్త నిదానంగా చూడాలి. కేంద్రం కాదంటే రాష్ట్రాలన్నీ ఒక్కటైనా ఏమీ చేయలేవు, ఎందుకంటే వాటి బరువు 67 శాతానికి మించదు. కానీ కేంద్రం ఒంటరిగా కూడా ఏమీ చేయలేదు. మొత్తం 31 రాష్ట్రాలు, శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతాలు ఓటింగులో పాల్గొంటే, కేంద్రానికి కనీసం 20 తోడు రావాలి. సిక్కిం ఓటుకూ ఉత్తరప్రదేశ్ ఓటుకూ ఒకటే బరువు. ఆచరణలో దాదాపు అన్నీ ఏకాభిప్రాయంతోనే తేలుతున్నాయి. మొదటిసారి ఓటింగు 2019 డిసెంబరులో లాటరీలపై పన్ను విషయంలో జరిగింది. మండలి సిఫార్సులు పార్లమెంటునూ శాసనసభలనూ కట్టిపడేయవని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ఏర్పాటులో లోపాలున్నా, కేంద్రమూ రాష్ట్రాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఒప్పించుకుంటే తప్ప పని జరగని చోటు మన రాజ్యాంగంలో ఇంత స్పష్టంగా మరొకటి లేదు.

ఇక గవర్నర్. తెలుగునాట దీనికి పుస్తకం అక్కర్లేదు, 1984 ఆగస్టు చాలు. ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేశారు. శాసనసభలో బలపరీక్ష జరగలేదు. నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. ఎమ్మెల్యేల మెజారిటీ ఎటు ఉందో రాష్ట్రపతి భవన్ ముంగిట నిలబెట్టి చూపించాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి గవర్నర్ మారారు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి ప్రమాణం చేశారు. ఆ నెల రోజులూ రోడ్ల మీదికి వచ్చిన జనం సమాఖ్య అన్న మాట వాడి ఉండకపోవచ్చు. మేము ఓటేసి తెచ్చుకున్న ప్రభుత్వాన్ని తీసేయడానికి మీరెవరు అని అడిగారు. సమాఖ్య సూత్రాన్ని అంతకంటే బాగా చెప్పడం కష్టం.

356వ అధికరణ కింద రాష్ట్రపతి పాలన ఇంకా పెద్ద ఆయుధం. అది వాడకుండానే మిగిలిపోతుందని అంబేద్కర్ ఆశించారు. 1959లో కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని తొలగించడం సహా, వందసార్లకు పైగా వాడారు. 1994 మార్చి 11న, కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై వేసిన కేసులో సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి పగ్గాలు వేసింది. మెజారిటీ తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, శాసనసభలో. రాష్ట్రపతి ప్రకటనను కోర్టు సమీక్షించవచ్చు. పార్లమెంటు ఆమోదించే వరకు శాసనసభను రద్దు చేయకూడదు. సమాఖ్య స్వభావం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగం. ఆ తీర్పు తర్వాత 356 ప్రయోగం బాగా తగ్గింది. అక్షరం మారలేదు, ఒక్క సవరణా జరగలేదు, అయినా ఒంటరిగా చేయగలిగిన పని ఒకటి కష్టమైంది.

ప్రభుత్వాన్ని తీసేయడం కష్టమయ్యాక, దాని బిల్లులను ఆపడం మొదలైంది. శాసనసభ ఆమోదించిన బిల్లు 200వ అధికరణ ప్రకారం గవర్నర్ దగ్గరికి వెళుతుంది. తిప్పి పంపదలిస్తే వీలైనంత త్వరగా పంపాలని అందులో ఉంది, ఇన్ని రోజుల్లో అని లేదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఈ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఆ మాటకు రాజ్యాంగపరమైన బరువుందని న్యాయస్థానం గుర్తుచేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తులు గడువులు పెట్టి, పది బిల్లులకు ఆమోదం లభించినట్లే భావించాలన్నారు. అదే ఏడాది నవంబరులో, రాష్ట్రపతి కోరిన సలహాకు బదులిస్తూ ఐదుగురు న్యాయమూర్తులు అలా గడువులు విధించడం, ఆమోదం లభించినట్లు భావించడం కుదరదన్నారు. కారణం చెప్పకుండా అనంతంగా ఆపితే మాత్రం కోర్టు పరిమితంగా జోక్యం చేసుకోవచ్చన్నారు. ఓటర్లు ఎన్నుకోని ఒక వ్యక్తి మౌనం, ఓటర్లు ఎన్నుకున్న సభ తీర్మానాన్ని నెలల తరబడి నిలబెట్టగలిగితే, గడువు లేకపోవడం చిన్న లోపం కాదు. రాష్ట్ర శాసనసభ తన అభిప్రాయం చెప్పడానికి మూడో అధికరణలో రాష్ట్రపతి గడువు పెట్టగలరు. ఆ శాసనసభ బిల్లుపై గవర్నర్‌కు మాత్రం గడువు లేదు.

సమ్మతి మీద నడిచే వ్యవస్థకు ఒక ఖరీదుంది, దాన్ని దాచకూడదు. అది నిదానం. కృష్ణా జలాలే అందుకు సాక్ష్యం. ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రైబ్యునల్ లెక్కన దక్కిన 811 టీఎంసీలను, 2015లో రెండు తెలుగు రాష్ట్రాలు తాత్కాలికంగా 512, 299గా పంచుకున్నాయి. ఆ తాత్కాలికం ఏళ్ల తరబడి సాగింది. సగం సగం కావాలని తెలంగాణ, పాత లెక్కే ఉండాలని ఆంధ్రప్రదేశ్ పట్టుబట్టాయి. పంపకం తేల్చే బాధ్యతను 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కు అప్పగించింది. శ్రీశైలంలో నీళ్లు అడుగంటిన ఏడాది ఈ నిదానం రైతుకు ఎంత భారమో ఇరువైపులా తెలుసు. అయినా ఒకరి వాటాను మరొకరు ఒంటరిగా తేల్చే పద్ధతి కంటే ఇదే మేలు, ఎందుకంటే అలా తేలిన వాటాను రెండో ఒడ్డు ఎన్నటికీ ఒప్పుకోదు.

రాష్ట్రాల గొంతు పార్లమెంటులో వినిపించాల్సింది రాజ్యసభలో. జర్మనీలో ఎగువ సభకు రాష్ట్ర ప్రభుత్వాలే తమ ప్రతినిధులను పంపుతాయి. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలున్నాయి. 2003లో చట్టం మార్చి, సభ్యుడు ఆ రాష్ట్రంలో ఓటరుగా ఉండాలన్న నియమాన్ని తీసేశారు. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. రాష్ట్రాల సభలో కూర్చోవడానికి ఆ రాష్ట్రంతో సంబంధం అవసరం లేదన్నాక, విభజన బిల్లు వంటిది వచ్చినప్పుడు ఆ సభ రాష్ట్రం తరఫున నిలబడుతుందని ఎలా ఆశించగలం?

ఇంతవరకూ చెప్పినదంతా రాష్ట్రం పక్షాన నిలబడి చెప్పింది. కేంద్రాన్ని అడిగే ప్రశ్ననే పంచాయతీ నుంచి రాష్ట్రాన్ని కూడా అడగాలి. 1992లో 73వ సవరణ గ్రామ పంచాయతీకి రాజ్యాంగంలో స్థానం ఇచ్చింది. 11వ షెడ్యూలులో తాగునీరు, చిన్నతరహా సాగునీరు, ప్రాథమిక విద్య వంటి 29 అంశాలను పేర్కొంది. కానీ వాటిని పంచాయతీలకు అప్పగించాలని శాసించలేదు, రాష్ట్ర శాసనసభ అప్పగించవచ్చు అంది. ఆ వెసులుబాటును రాష్ట్రాలు ఎలా వాడుకున్నాయో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. సెస్సుల్లో వాటా లేదని ఢిల్లీలో వాదించే రాష్ట్రమే, ఆర్థిక సంఘం పంచాయతీకి పంపిన నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేసుకుంటే, వీధిలైట్లు మార్పించలేని సర్పంచి దాన్ని తప్పుపట్టడానికి వెళ్లగలిగిన చోటు లేదు. గ్రామసభ తీర్మానాన్ని మండల కార్యాలయంలో ఇప్పటికీ అభిప్రాయంగానే తీసుకుంటున్నారు.